శనికి వలయం ఏదీ? మా కొత్త టెలిస్కోపు లోపమా, నా లోపమా?

కొమ్ముదువ్వెన, పర్లాకిమిడి | జనవరి 7, 2026, రాత్రి 10:40

నమస్కారమండి. మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటి ఒడిశాలో అడుగుపెడితే మొదట తగిలే ఊరు. జిరాక్సు, లామినేషను షాపు నడుపుతాను. ఇంటర్ కామర్సుతో చదువు ఆపేసినవాణ్ని, కాబట్టి తెలివితక్కువ ప్రశ్నలుంటే నవ్వుకుని అయినా సరే జవాబు చెప్పండి.

మా పాప ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. పోయినేడాది నుంచి టెలిస్కోపు కావాలని ఒకటే గోల. డిసెంబరు నెలాఖరుకి ఆన్‌లైన్లో తెప్పించాను. 70 ఎంఎం అద్దం, 700 ఎంఎం ఫోకల్ లెంగ్తు. కంటి దగ్గర పెట్టుకునే ఐపీసులు మూడు: 20, 10, 4. ఇవి కాక 3ఎక్స్ బార్లో అని ఒక గొట్టం, ఐపీసుకి తగిలిస్తే బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచుతుందట. పెట్టె మీద "525 రెట్లు" అని ఎర్రక్షరాలు, పక్కనే శని బొమ్మ. కంచం మధ్యలో లడ్డూ పెట్టినట్టు చుట్టూ వలయం. పాప ఆ బొమ్మ చూసే మురిసిపోయింది.

మొదటి రెండు రాత్రులు ఏమీ కనపడలేదు. ఏమీ అంటే నిజంగా ఏమీ కాదు, నల్లగా గొట్టం లోపలి భాగం తప్ప. పైన ఉన్న చిన్న దుర్భిణిలో (ఫైండరు అంటున్నారు దాన్ని) చుక్క కనిపిస్తుంది, పెద్దదాంట్లో చూస్తే చీకటి. ఫైండరు మరలు మూడూ అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఒక మర మేడ మీద ఎక్కడో పడిపోయింది. టార్చి వేసి గంట వెతికాం. దొరకలేదు.

శనివారం పౌర్ణమి కదా, చంద్రుడు దొరికాడు. అంత పెద్దవాణ్ని కూడా పట్టలేకపోతే ఇక అమ్మేయడమే అనుకున్నాను. కానీ పుస్తకాల్లో ఉన్నట్టు గుంతలు లేవు. తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు, కళ్లు చెదిరిపోయాయి. ఆయన పక్కనే ఒక పెద్ద చుక్క ఉంటే దానికి గురి పెట్టాం. చిన్న గుండ్రటి బిళ్ల! దానికి రెండు పక్కలా ఒకే గీత మీద మూడు చిన్న చుక్కలు. పాప ఒక్కసారి "బృహస్పతి!" అని అరిచింది. కింద వీధిలోంచి ఎవరో ఏమైందని అడిగారు కూడా.

సరే, అసలు కథ ఇప్పుడు. సోమవారం ఫోన్లో యాప్ పెట్టుకుని శనిని పట్టాం. 20 ఐపీసుతో చూస్తే పసుపు చుక్క, వలయం లేదు. 10 పెట్టాం, లేదు. 4 పెట్టి దానికి బార్లో కూడా తగిలిస్తే నీళ్లలో పసుపు వేసినట్టు ఒక మరక, అది కూడా గాలికి ఊగుతూ. మంగళవారం మళ్లీ అదే. పాప మొహం చూడలేకపోయాను.

ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మది మీన రాశి. ఏలినాటి శని నడుస్తోంది. "ఆయన మనల్ని చూస్తే చాలదా, నువ్వు వెళ్లి ఆయన్ని చూడాలా" అని మేడ మెట్ల దగ్గర కూర్చుని సాధిస్తోంది. వలయం కనపడలేదని చెప్తే, "చూశావా, ఆయనకి ఇష్టం లేదు" అంది.

వాపసు ఇవ్వడానికి 11వ తారీఖు దాకా గడువుంది. అద్దంలోనే లోపమా? వాపసు ఇచ్చేసి ఇంకో రెండు మూడు వేలు వేసి పెద్దది తీసుకోవాలా? పాప కుజుణ్ని కూడా (ఒడియాలో మంగళ అంటుంది) చూపించమంటోంది, అది ఎక్కడుంది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రాయగడ_రాకెట్టు | జనవరి 7, రాత్రి 11:15

అన్నా, 70 ఎంఎంలో శని అంత గొప్పగా రాదు. నేనైతే వాపసు ఇచ్చేస్తా. లేకపోతే 5ఎక్స్ బార్లో దొరుకుతుంది, అది ట్రై చెయ్యి. జూమ్ పెరిగితే రింగు కనిపించవచ్చు.

పాత గార్డు, బరంపురం | జనవరి 8, ఉదయం 6:20

రాకెట్టు బాబూ, నీ ఉత్సాహం మంచిదే గానీ ఆ సలహా వింటే ఆయన డబ్బులు గంగలో కలుస్తాయి.

కొమ్ముదువ్వెన గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. టెలిస్కోపు వాపసు ఇవ్వకండి. దాంట్లో లోపం ఉందని మీరు రాసినదాన్ని బట్టి నాకు అనిపించడం లేదు. గురుడు గుండ్రటి బిళ్లలా, ఉపగ్రహాలు విడివిడి చుక్కల్లా కనిపించాయన్నారు. అద్దం చెడ్డదైతే అవి తోకచుక్కల్లా సాగిపోతాయి. ఇంకా అనుమానం ఉంటే ఈ రాత్రి రోహిణి నక్షత్రానికి గురి పెట్టి, 10 ఐపీసుతో ఫోకసు మెల్లగా తిప్పండి. ఒక చోట సూదిమొన అంత చుక్కగా నిలబడాలి. అక్కడి నుంచి లోపలికి తిప్పినా బయటికి తిప్పినా గుండ్రంగా ఉబ్బాలి. కోడిగుడ్డులా సాగితే అప్పుడు నాకు చెప్పండి.

వలయం కనపడకపోవడం శని చేసిన పని, మీ తప్పు కాదు. శని వలయాలు 2,70,000 కిలోమీటర్లకి పైగా వెడల్పు, మందం మాత్రం చాలా చోట్ల పదుల మీటర్లే. జిరాక్సు కాగితాన్ని కంటి ఎదురుగా అంచు కనిపించేలా పట్టుకోండి, అదే లెక్క. శని సూర్యుణ్ని చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. అందులో రెండుసార్లు, అంటే పదిహేనేళ్లకి ఒకసారి, వలయం మనకి అంచు చూపిస్తుంది. పోయిన మార్చి 23న అలా జరిగింది. తర్వాత కొంచెం తెరుచుకుని, నవంబరు నెలాఖరుకి మళ్లీ దాదాపు మూసుకుంది. ఇప్పుడు ఒక డిగ్రీ చిల్లర వాలి ఉందంతే. బాగా తెరుచుకుంటే 27 డిగ్రీలు వాలుతుంది. మీ పెట్టె మీద బొమ్మ అలాంటి ఏడాదిది.

ఇది గెలీలియోకే జరిగింది. 1610లో ఆయన శనికి రెండు పక్కలా ఏవో అతుక్కుని ఉన్నాయనుకున్నాడు. 1612లో చూస్తే అవి మాయం! ఆయనా మీ పాపలాగే తెల్లబోయాడు. అది వలయం అని హైగెన్స్ అనే డచ్చి ఆయన తేల్చడానికి నలభై ఏళ్లకి పైగా పట్టింది. మీకు ఒక్క రాత్రిలో తేలిపోయింది.

అయితే బొత్తిగా ఏమీ కనపడదని కాదు. 10 ఐపీసు పెట్టండి, బార్లో వద్దు. పూసకి దారం గుచ్చి రెండు పక్కలా కాస్త వదిలినట్టు సన్నటి గీత కనిపించాలి. గాలి నిలకడగా ఉన్న రాత్రి, ఓపిగ్గా అయిదు నిమిషాలు కన్ను పెట్టి ఉంచితే.

ఇప్పుడు ఆ 525 సంగతి. 700ని ఐపీసు నంబరుతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 20తో 35, 10తో 70, 4తో 175. దానికి 3ఎక్స్ బార్లో తగిలిస్తే 525. లెక్క అబద్ధం కాదు, పనికే రాదు. అద్దం ఎన్ని ఎంఎం ఉంటే దానికి రెట్టింపు దాకా బొమ్మ నిలుస్తుంది, అంటే మీకు 140. అది కూడా మంచి రాత్రి. ఆ పైన అదే వెలుగుని ఇంకా పలచగా పులమడమే. సేరు పాలలో బిందెడు నీళ్లు పోస్తే పాలు పెరిగాయంటామా? నేను గురుణ్ని చూసేది ఎక్కువగా 70 రెట్లతోనే. ఇప్పుడు గురుడు ఎంత దగ్గరగా ఉన్నాడంటే, 40 రెట్లు చేస్తే చాలు, మామూలు కంటికి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంత అవుతాడు. జనం నమ్మరు గానీ లెక్క అదే. చుట్టూ నల్లటి ఖాళీ ఉండటంతో చిన్నగా ఉన్నట్టు భ్రమపడతాం.

గ్రహాలు ఎక్కడున్నాయో తెలియడానికి యాపు మంచిదే. మీ అమ్మగారి పంచాంగం ఇంకా మంచిది. నేను ముప్ఫై ఏళ్లు గూడ్సు బండ్ల వెనక బ్రేకు వ్యానులో రాత్రుళ్లు గడిపాను, అప్పుడు ఫోన్లెక్కడివి? సంచిలో పంచాంగం ఉండేది. చూసే పద్ధతి ఇది.

ఇప్పుడు ధనుర్మాసం, అంటే సూర్యుడు ధనుస్సులో ఉన్నాడు. గురుడు మిథునంలో, పునర్వసు దగ్గర. ధనుస్సు, మకరం, కుంభం, మీనం, మేషం, వృషభం, మిథునం. ఏడోది, సరిగ్గా ఎదుటి రాశి. ఎదురుగా ఉన్న గ్రహం సూర్యుడు పడమట దిగగానే తూర్పున లేస్తుంది, రాత్రంతా ఉంటుంది. ఎల్లుండి 10వ తారీఖున గురుడు సూర్యుడికి సూటిగా ఎదురు వస్తాడు. భూమికి దగ్గరగా, పెద్దగా, వెలుగుగా ఉండే రోజులివే. మీ ఊరి నుంచి మహేంద్రగిరి ఉన్న దిక్కుకి కాస్త కుడిగా లేవడం చూడండి. పునర్వసు చుక్కలు రెండూ పక్కనే ఉంటాయి.

శని మీనంలో. సూర్యుడి నుంచి మూడో రాశి, కానీ సూర్యుడు ధనుస్సు చివర్లో, శని మీనం మొదట్లో ఉన్నారు కాబట్టి మధ్య దూరం రెండు రాశుల చిల్లరే. రాశికి సుమారు రెండు గంటల చొప్పున వేసుకుంటే పొద్దుగూకిన నాలుగైదు గంటలకి అస్తమిస్తాడు. చీకటి పడగానే నైరుతి దాటి పడమటి వైపు, ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు. అందుకని శని ముందు, గురుడు తర్వాత. భోజనం మధ్యలో.

మరి కుజుడు? పంచాంగంలో బుధ, శుక్ర, కుజులు ముగ్గురూ సూర్యుడితో పాటు ధనుస్సులోనే కనిపిస్తారు. సూర్యుడితో ఒకే రాశిలో ఉంటే ఆ వెలుగులో మునిగిపోయినట్టే. ఇప్పుడు శుక్ర మూఢం అని మీ వీధిలో పెళ్లిళ్లు ఆపేశారా లేదా? మూఢం అంటే ఇదే మరి. శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్లాడు, కంటికి దొరకడు. ముహూర్తం మాట ఎవరి నమ్మకం వాళ్లది, చూపు మాట మాత్రం నిజం. కుజుడికీ అదే పరిస్థితి. పాపకి చెప్పండి, మంగళ మళ్లీ పెద్దగా కనిపించేది 2027 ఫిబ్రవరిలో. శుక్రుడి కోసం అంత ఆగక్కర్లేదు. వేసవికి పడమట ధగధగలాడతాడు, జూన్ 9న గురుడి పక్కకే వస్తాడు. ఆగస్టు 15 ప్రాంతంలో టెలిస్కోపులో చూస్తే సగం చంద్రుడిలా, అక్టోబరు మొదట్లో సన్నటి నెలవంకలా ఉంటాడు.

మీ పాప ఒడియా పాఠాల్లో పఠాణి సామంత పేరు వినే ఉంటుంది. ఖండపడాలో పుట్టిన ఆయన వెదురుతో, కర్రతో సొంతంగా చేసుకున్న పరికరాలతో గ్రహాల లెక్కలు కట్టారు. టెలిస్కోపు లేకుండా. ఆయన రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. ఇటు మన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840ల నాటికే ఇంటి దగ్గర వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే చూశారు. ఈ రెండు ఊళ్ల మధ్యలో ఉన్నారు మీరు. 70 ఎంఎం చేతిలో పెట్టుకుని దిగులెందుకు?

ఒక్క హెచ్చరిక. పెట్టెలో ఐపీసుకి బిగించే నల్లటి సన్ ఫిల్టరు ఏదైనా వచ్చి ఉంటే సుత్తితో కొట్టి పారేయండి. ఆ వేడికి అది పగిలిందంటే కన్ను పోతుంది. పగటిపూట టెలిస్కోపు మూత తీసి మేడ మీద వదలకండి, పిల్లలు తిరిగే చోట అసలే వద్దు.

కొమ్ముదువ్వెన | జనవరి 8, రాత్రి 9:50

గార్డు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రోహిణి పరీక్ష చేశాను. ఎర్రటి సూదిమొన, అటు తిప్పినా ఇటు తిప్పినా గుండ్రమే. వాపసు మాట మానేశాను.

పంచాంగం సంగతి చెప్పగానే మా అమ్మ ఒక మెట్టు దిగివచ్చింది. తనే తీసి "గురుడు మిథునం, వక్రం" అని చదివి వినిపించింది. వక్రం అంటే టెలిస్కోపులో వెనక్కి నడుస్తూ కనపడతాడా అని అడుగుతోంది.

కానీ నా కష్టాలు ఇంకా ఉన్నాయి. ఒకటి, ఏ గ్రహమైనా రెండు నిమిషాల్లో పక్కకి జారి మాయమవుతోంది. రెండు, స్టాండు. అగరొత్తి పుల్లల మీద నిలబెట్టినట్టుంది. ఫోకసు తిప్పుదామని చెయ్యి వేస్తే గురుడు గంతులు వేస్తున్నాడు. మూడు, తొమ్మిదయ్యేసరికి అద్దం మీద మంచు పట్టి అంతా మసక. పాప ఫ్రాకు అంచుతో తుడవబోతే ఆపాను. మంచి పనే చేశానా?

ప్రాణహిత ఒడ్డు, సిరొంచ | జనవరి 9, మధ్యాహ్నం 1:05

చాలా మంచి పని చేశారన్నా. అద్దాన్ని బట్టతో తుడిస్తే దాని మీద పూత గీకుకుపోతుంది. నేను మొదటి నెలలోనే చున్నీతో తుడిచి, ఇప్పటికీ ఆ గీతలు చూసి తిట్టుకుంటుంటాను.

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పిల్లలకి ట్యూషన్లు చెప్తాను. నా దగ్గర కూడా 70 ఎంఎందే, అయిదేళ్లుగా. మాకు ప్రాణహిత ఇసుకలోకి దిగితే కాళేశ్వరం వైపు లైట్లు తప్ప అంతా చీకటే. అయినా గ్రహాలకి అంత చీకటి అక్కర్లేదు, మీ మేడ చాలు. మేడతో తంటా వేరే ఉంది. పగలంతా ఎండకి కాగిన స్లాబు రాత్రి తొమ్మిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పొయ్యి మీద గాలి వణికినట్టు బొమ్మ వణుకుతుంది. సందు ఉంటే పెరట్లో మట్టి మీద పెట్టండి. అరగంట ముందే టెలిస్కోపుని బయట పెట్టి చల్లబడనివ్వండి.

మంచుకి మందు: నల్ల చార్టు పేపరు. గొట్టం మూతికి చుట్టి, ముందుకి ఒక జానెడు పొడుగు వచ్చేలా దారంతో కట్టండి. మేం పాత యోగా మ్యాటు కోసి కట్టాం, ఇంకా గట్టిగా ఉంటుంది. అప్పటికే పట్టిన మంచుని తుడవకండి. గొట్టం మూతి కిందకి వంచి, గదిలో పెట్టి ఆరనివ్వండి.

స్టాండుకి మందు: ఇసుక సంచి. స్టాండు మధ్యలో ఐపీసులు పెట్టుకునే పళ్లెం ఉంటుంది కదా, అక్కడ అయిదు కిలోల బియ్యం సంచిలో ఇసుక పోసి వేలాడదీయండి. కాళ్లు పూర్తిగా సాగదీయకండి. పొట్టిగా పెట్టి, మీరు స్టూలు మీద కూర్చోండి. చెయ్యి తీశాక మూడు వరకు లెక్కపెట్టి అప్పుడు చూడండి. చూసేటప్పుడు స్టాండుని ఎవరూ ముట్టుకోకూడదు. మా ఇంట్లో ఇదే పెద్ద యుద్ధం.

జారిపోవడం మాత్రం ఎవరి తప్పూ కాదు. భూమి తిరుగుతోంది, గంటకి 15 డిగ్రీలు. 70 రెట్లలో మీకు కనిపించే కిటికీ అర డిగ్రీ చిల్లరే. రెండు మూడు నిమిషాల్లో దాటిపోవాల్సిందే. గురుణ్ని కిటికీలో ఒక అంచున పెట్టి వదిలేయండి, తనంతట తను నడిచి అవతలి అంచుకి వెళ్తాడు. ఆ నడక మధ్యలో చూడండి. భూమి తిరగడం ఇలా కళ్లతో చూసేసరికి మా ట్యూషను పిల్లలు నోరు తెరిచారు.

ఫైండరుని రాత్రిపూట సరిచేయకండి. పగలు, సూర్యుడికి దూరంగా ఉన్న దిక్కున, ఒక సెల్ టవరు మొనో గుడి కలశమో చూసుకోండి. ముందు పెద్దదాంట్లో 20 ఐపీసుతో దాన్ని మధ్యకి తెచ్చి, తర్వాత ఫైండరు మరలు తిప్పి అందులో కూడా మధ్యకి తేవాలి. మీరు తలకిందులు చేసి ఉంటారు. అందుకే మొదటి రెండు రాత్రులు చీకటి.

చంద్రుడి సంగతి గార్డు బాబాయి మరిచిపోయారు. పౌర్ణమి నాడు సూర్యుడి వెలుగు నిలువునా పడుతుంది, నీడలుండవు, అందుకే సున్నం కొట్టిన గోడ. గుంతలు కావాలంటే 18న అమావాస్య వెళ్లాక, విదియ నుంచి అష్టమి దాకా చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ప్రతి గుంతకీ నీడ ఉంటుంది. 23న శ్రీపంచమి. మీ వైపు బళ్లలో సరస్వతీ పూజ బాగా చేస్తారట కదా. ఆ సాయంత్రం చంద్రుడి పక్కనే శని ఉంటాడు. వెతుక్కునే పనే లేదు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టమనండి పాపని. గురుడికి గుండ్రం గీసి, దానికి అటూ ఇటూ ఎన్ని చుక్కలు ఉన్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో పెట్టి, పక్కన టైము రాయాలి. అయో ఒకటిన్నర రోజు పైచిలుకులో, యూరోపా మూడున్నర రోజుల్లో, గానిమీడ్ వారంలో, కాలిస్టో పదహారు రోజుల పైచిలుకులో గురుణ్ని చుట్టి వస్తాయి. పదిహేను పేజీలు నిండాక ఏది ఏదో తనే చెప్తుంది. పేర్లు ముందే యాపులో చూస్తే మజా పోతుంది.

పాత గార్డు | జనవరి 9, రాత్రి 8:30

అమ్మా, చంద్రుణ్ని మరిచిపోయిన మాట నిజమే. బాబాయి అన్నావు, సంతోషం, నా వయసుకి తాతయ్య అనాలి.

కొమ్ముదువ్వెన గారూ, మీ అమ్మగారి ప్రశ్నకి. వక్రం అంటే గ్రహం నిజంగా వెనక్కి నడవదు. మన బండి పక్క లైనులో నెమ్మదిగా వెళ్తున్న గూడ్సుని దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టు కనిపించదూ? గురుడు గూడ్సు, మనం ఎక్స్‌ప్రెస్సు. ఒక రాత్రిలో తెలియదు. పునర్వసు చుక్కలకి ఎంత దూరంలో ఉన్నాడో వారానికోసారి గీసుకుంటే మార్చి దాకా వెనక్కి, తర్వాత ముందుకి.

భోగి రోజు చూడాలనుకోకండి. ఊరంతా మంటల పొగ.

కొమ్ముదువ్వెన | జనవరి 24, రాత్రి 10:15

రెండు వారాలు రాయలేదు, క్షమించాలి. పండగ, తర్వాత షాపులో దరఖాస్తుల రద్దీ.

ముందు శని. నిన్న శ్రీపంచమి. పాప బళ్లో పూజ ముగించుకుని, చీర కూడా మార్చుకోకుండా పెరట్లోకి వచ్చేసింది. (మేడ మానేశాం. మా పెరట్లో జామచెట్టు అడ్డం, అయినా పడమర ఖాళీయే.) చంద్రుడి మీద ఆ నీడల గీత వెంట గుంతలు ఎంత లోతుగా ఉన్నాయంటే, వేలు పెడితే దిగిపోతుందేమో అన్నట్టున్నాయి. అక్కడి నుంచి శనికి జరిగాం. 10 ఐపీసు. మొదట మామూలు పసుపు చుక్కే. నేను చూసి లేచిపోయాను. పాప లేవలేదు. చాలాసేపటికి, "నాన్నా, దారం ఉంది" అంది. మళ్లీ కూర్చున్నాను. ఉంది. రెండు పక్కలా, వెంట్రుక కంటే సన్నగా, ఒక్కోసారి ఉండి ఒక్కోసారి లేక. పెట్టె మీద బొమ్మకీ దానికీ పోలికే లేదు. పెట్టె మాత్రం ఇప్పుడు మా షాపులో పాత బిల్లులు వేసుకోవడానికి పనికొస్తోంది.

నోటుబుక్కులో తొమ్మిది పేజీలయ్యాయి. మధ్యలో మబ్బులు, పండగ. ఒక రాత్రి మూడే చుక్కలు ఉంటే అద్దం మీద దుమ్మేమో అనుకున్నాం. గంటన్నర తర్వాత గురుడి అంచున నాలుగోది మొలిచింది. అదే అయో అని పాప వాదన. ఎందుకంటే అది ఎప్పుడూ దూరం పోదట, పేజీకో పక్క ఉంటోందట. నేను ఇంకా ఒప్పుకోలేదు. ఇంకో వారం చూద్దామన్నాను. బిళ్ల మీద అడ్డంగా రెండు గోధుమ రంగు చారలు మాత్రం ఇద్దరికీ కనిపిస్తున్నాయి.

ఫైండరు కథ వినండి. పోయిన మర సైజుది ఊళ్లో ఎక్కడా దొరకలేదు. మా మేనమామ కొమ్ము పని చేస్తాడు. మా ఊరి దువ్వెనలు, కొంగ బొమ్మలు మీరు చూసే ఉంటారు. నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. ఆయనకి చూపిస్తే, గేదె కొమ్ములోంచి చిటికెన వేలి గోరంత చీల ఒకటి చెక్కి, ఆకురాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసి, ఫైండరుకీ దాని చట్రానికీ మధ్య దూర్చాడు. మిగతా రెండు మరలూ దానికి ఆనుకుని బిగుసుకున్నాయి. పాతపట్నం వైపున్న సెల్ టవరుకి పెట్టి సరిచేశాను. పది రోజులయింది, ఇప్పటిదాకా కదల్లేదు.

అమ్మ గురుణ్ని చూసింది. చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, మెల్లగా వంగి చూసి, "బొట్టుబిళ్లంత ఉన్నాడు, ఇందుకా ఏడు వేలు" అంది. శనిని మాత్రం చూడలేదు. అడిగితే, "ఆయనకి నేను పెట్టేది కన్ను కాదు, నువ్వుల నూనె దీపం" అంటుంది.

ఇప్పుడు ఒక కొత్త సమస్య. పది దాటేసరికి గురుడు నడినెత్తికి వచ్చేస్తున్నాడు. గొట్టం నిలువుగా తిప్పితే దాని అడుగు స్టాండు కాలికి తగిలి ఆగిపోతోంది, నా మెడ కూడా పట్టేసింది. పెందరాళే చూడటం తప్ప దీనికి వేరే దారి ఉందా?

ప్రాణహిత ఒడ్డు | జనవరి 25, ఉదయం 7:40

లేదన్నా. ఎనిమిదికల్లా చూసేయండి. ఆ చీల ఫోటో పెట్టండి, మా ఫైండరు కూడా ఊగుతోంది.